మూడు లిపుల ఊళ్లో ఒక వెతుకుడు పెట్టె

ఒడిశాలోని బరంపురంలో ఒక తెలుగు సంఘం తన పాత కాగితాలను స్కాన్ చేయించి, ఒక డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో భద్రపరచుకుంది. సంఘానికి వేరుగా ఒక వెబ్‌సైటు ఉంది. ఈ రెండింటికీ మధ్య దారి లేకపోవడంతో, తాతగారి పేరున్న చందా రసీదు గానీ, ఏ యాభై అరవై ఏళ్ల కిందటి ఉగాది సభ ఆహ్వానపత్రిక గానీ కావలసినవారు గ్రంథాలయం చూసుకునే మాస్టారికి ఫోన్ చేయవలసి వచ్చేది. ఆయన వీలు చూసుకుని సంఘం గదికి వెళ్లి, కంప్యూటర్ తెరిచి, వెతికి, దొరికితే వాట్సాప్‌లో పంపేవారు. వెబ్‌సైటు పేజీలోనే ఒక వెతుకుడు పెట్టె ఉండాలని, అందులో పేరు కొట్టగానే పత్రం కనబడాలని కార్యవర్గం కోరింది. ఆ పెట్టెను, అంటే విడ్జెట్‌ను, తయారుచేసిన క్రమంలో తీసుకున్న నిర్ణయాలనూ వాటి వెనుక ఉన్న కారణాలనూ ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పని తలపెట్టినవారికి ముందే ఒక మాట చెప్పాలి: పేజీ మీద కనిపించే పెట్టె ఈ పనిలో అతి చిన్న భాగం, దానికి తెలిసిన సంగతులు ఎంత తక్కువైతే అంత మంచిది.

ముందు కాగితాల సంగతి. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అందువల్ల ఇక్కడి తెలుగువారి ఇళ్లలోనూ సంఘాలలోనూ ఉన్న పాత కాగితాలలో తెలుగూ ఇంగ్లీషూ ఎక్కువగా కనిపిస్తాయి. తరువాతి కాలానికి వచ్చేకొద్దీ ఒడియా పెరుగుతుంది. ఒకే స్థలం కౌలు కాగితం తీసుకుంటే, పైన ఒడియా ముద్ర, మధ్యలో తెలుగు రాత, కింద ఇంగ్లీషు టైపు, దాని కింద మళ్లీ తెలుగు సంతకం ఉంటాయి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ ఊళ్లో తడవని బీరువా అరుదు. స్కానింగ్ ఆలోచన గట్టిపడింది ఆ తరువాతే.

సంఘం ఎంచుకున్న సాఫ్ట్‌వేర్ పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్. ఇది ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, సొంత కంప్యూటర్ మీదే నడుస్తుంది. స్కాన్ చేసిన ప్రతి పత్రాన్నీ టెసెరాక్ట్ అనే ఓసీఆర్ ఇంజిన్‌కు ఇచ్చి అందులోని అక్షరాలను చదివిస్తుంది. టెసెరాక్ట్‌కు తెలుగూ వచ్చు, ఒడియా కూడా వచ్చు; రెండు భాషలనూ ఇంగ్లీషుతో కలిపి అమరికలలో చేర్చుకోవాలి, అంతే. అచ్చు కాగితాల మీద ఫలితం పనికివచ్చే స్థాయిలో ఉంటుంది. చేతిరాత విషయంలో దానిని నమ్ముకోలేము గనుక, చేతిరాత పత్రాలకు పేరు, సంవత్సరం, విషయం మాస్టారే టైపు చేసి ఎక్కించారు. ఆల్‌ఫ్రెస్కో వంటి పెద్ద వ్యవస్థలతో మాట్లాడవలసి ఉంటే సీఎంఐఎస్ అనే ప్రమాణం (వేర్వేరు పత్రాల వ్యవస్థలతో ఒకే తీరుగా మాట్లాడే పద్ధతి) ఉంది. 2010లో వెలువడిన ఆ ప్రమాణానికి 2013 నాటి 1.1 సంచికలో బ్రౌజర్‌కు అనువైన జేసన్ పద్ధతి కూడా చేరింది. మా అవసరానికి అంత బరువు అక్కరలేదు. పేపర్‌లెస్ ఇచ్చే సొంత ఏపీఐ (వేరే ప్రోగ్రాములు దానిని ప్రశ్నలు అడిగే ద్వారం) సరిపోయింది.

ఏపీఐ ఉంది గదా అని విడ్జెట్ నేరుగా దానిని పిలిచేలా రాయడం అందరికీ మొదట తట్టే మార్గం. ఆ మార్గంలో, తాళంచెవిలా పనిచేసే ఏపీఐ టోకెన్‌ను విడ్జెట్ కోడ్‌లో పెట్టవలసి వస్తుంది. బ్రౌజర్‌లో నడిచే కోడ్‌లో దాచినది ఏదీ దాగదు. పేజీ తెరిచిన వారెవరైనా డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ భాగం చూస్తే టోకెన్ అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది. సంఘం పేపర్‌లెస్‌లో ఉన్నవి ఆహ్వానపత్రికలు మాత్రమే కావు. సభ్యుల ఆధార్ నకళ్లు, బ్యాంకు కాగితాలు, ఎవరి ఇంటి గొడవ గురించో రాసిన ఉత్తరాలు కూడా అందులోనే ఉన్నాయి. అందుకని మధ్యలో ఒక చిన్న సర్వరు పెట్టి, టోకెన్‌ను అక్కడే ఉంచాను. విడ్జెట్‌కు తెలిసినది ఆ మధ్య సర్వరు చిరునామా ఒక్కటే.

మధ్య సర్వరు కూడా వచ్చిన ప్రశ్నను యథాతథంగా వెనక్కి పంపే తపాలా బంట్రోతుగా మిగిలిపోతే ప్రయోజనం లేదు. సంఘం వారు బయటపెట్టదలచిన పత్రాలకు ‘అందరికీ’ అనే ట్యాగ్ వేస్తారు. ప్రతి రాత్రీ మధ్య సర్వరు ఆ ట్యాగ్ ఉన్న పత్రాల వివరాలను మాత్రమే తెచ్చుకుని, తన దగ్గర ఒక చిన్న ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో రాసుకుంటుంది. వెతకడమంతా ఈ నకలులోనే జరుగుతుంది. దీనివల్ల రెండు లాభాలు కలిగాయి. మధ్య సర్వరు ఎవరి చేతికైనా చిక్కినా, ఆ నకలులో రహస్యమన్నది ఉండదు. టోకెన్‌ను కూడా చూడడానికి మాత్రమే అనుమతి ఉన్న, ఆ ట్యాగ్ పత్రాలు మాత్రమే కనిపించే వాడుకరి పేరు మీద తీసుకున్నాను. రెండవది కరెంటు సంగతి. పేపర్‌లెస్ సంఘం గదిలోని పాత కంప్యూటర్‌లో ఉంది. వేసవిలో కాలబైశాఖి గాలివాన వచ్చిన సాయంత్రాలు ఇక్కడ కరెంటు ఉండదు. అటువంటప్పుడు కూడా వెతికినవారికి పత్రం పేరు, సంవత్సరం, విషయం కనిపిస్తాయి. బొమ్మ ఉండవలసిన చోట మాత్రం ‘సంఘం కంప్యూటర్ ప్రస్తుతం ఆగి ఉంది, తరువాత చూడండి’ అన్న వాక్యం వస్తుంది. ఎర్రటి అక్షరాలలో అంకెల దోషసందేశం చూపించడం కంటే ఇది మర్యాద.

ఈ నకలు పద్ధతిలో ఒక సూక్ష్మం ఉంది. ‘నిన్నటి నుంచి మారిన పత్రాలు ఇవ్వు’ అని అడిగితే కొత్తవీ సవరించినవీ వస్తాయి గానీ, ‘అందరికీ’ ట్యాగ్ తీసివేసిన పత్రం ఆ జాబితాలో రాదు, ఎందుకంటే మనం అడుగుతున్నదే ట్యాగ్ ఉన్నవాటిని. అంటే సంఘం వారు వెనక్కి తీసుకున్న పత్రం మన నకలులో కలకాలం ఉండిపోతుంది. అందువల్ల ప్రతి రాత్రీ ట్యాగ్ ఉన్న పత్రాల సంఖ్యల జాబితాను మొత్తంగా తెప్పించి, అందులో లేనివాటిని నకలు నుంచి చెరిపివేయాలి. ఎవరైనా తమ ఇంటి కాగితాన్ని తీసివేయమని కోరితే ఆ రాత్రితో అది పోవడం చట్టం కోసం మాత్రమే కాదు, ఇరుగుపొరుగు మర్యాద కోసం కూడా అవసరం.

అదే విధంగా, బొమ్మ చూపించే చోట కూడా జాగ్రత్త కావాలి. ప్రతి పత్రానికీ వరుస సంఖ్య ఉంటుంది. చిరునామాలో 412 ఉన్నచోట 413 అని మార్చి చూసే కుతూహలం ఎవరికైనా కలుగుతుంది. వెతుకులాటలో ట్యాగ్ చూసి, బొమ్మ ఇచ్చేటప్పుడు చూడకపోతే, ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తెరిచిపెట్టినట్లే. మధ్య సర్వరు ప్రతి సంఖ్యనూ తన నకలులో ఉన్నదో లేదో చూసిన తరువాతే పేపర్‌లెస్‌ను అడుగుతుంది. ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సీఓఆర్‌ఎస్ (ఏ వెబ్‌సైటు పేజీలు మన సర్వరును అడగవచ్చో చెప్పే నియమాలు) అమరికలలో సంఘం వెబ్‌సైటు చిరునామాను మాత్రమే అనుమతిస్తే సరిపోతుందని, ఇక బయటివారు ఎవరూ రాలేరని చాలామంది నమ్ముతారు. అది బ్రౌజర్లు పాటించే నియమం మాత్రమే. బ్రౌజర్ లేకుండా నేరుగా అడిగేవారిని అది ఆపదు. గుట్టు కాపాడవలసినది మధ్య సర్వరే.

ఇక పేజీ మీద పెట్టె. దానిని, పేజీలో ఇంకొక పేజీని చూపే ఐఫ్రేమ్‌లో పెట్టవచ్చు, కానీ ఫోన్‌లో చూసేటప్పుడు దాని ఎత్తును సరిచేయడం పెద్ద తలనొప్పి. నేను సొంత పేరున్న హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌గా, అంటే కస్టమ్ ఎలిమెంట్‌గా రాశాను. పేజీలో ఒక స్క్రిప్టు వరుస, ఒక ట్యాగ్ వరుస చేర్చితే చాలు. ట్యాగ్ పేరు మధ్యలో అడ్డగీత ఉండాలన్నది ప్రమాణం విధించిన షరతు. వెబ్‌సైటు థీమ్ రంగులు, అంచులు లోపలికి చొరబడకుండా షాడో డామ్ వాడాను. ఇక్కడ తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసినవి రెండున్నాయి. షాడో డామ్ లోపల ఫాంటును ప్రకటిస్తే బ్రౌజర్లు పట్టించుకోవు. నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటు కావాలంటే దాని ప్రకటన బయటి పేజీలో ఉండాలి; విడ్జెట్ స్క్రిప్టే ఆ ప్రకటనను పేజీ తలభాగంలో చేర్చేలా రాసుకోవచ్చు. ఇక షాడో డామ్ అన్నింటినీ ఆపుతుందనుకోవడం సరికాదు: వారసత్వంగా దిగే లక్షణాలు, అంటే అక్షరాల రంగు, ఫాంటు, వరుసల ఎత్తు వంటివి లోపలికి వస్తూనే ఉంటాయి. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని చేసిన థీమ్‌లలో వరుసల ఎత్తు బిగువుగా ఉంటుంది. ఆ ఎత్తు మన పెట్టెలోకి దిగితే ‘లక్ష్మి’లో మకారపు వత్తు, ‘కృష్ణ’లో సుడి, ణకారపు వత్తు కింద తెగిపోయి, చదివేవారు తడుముకుంటారు. పెట్టె మొదట్లోనే అన్ని లక్షణాలనూ తొలి స్థితికి తెచ్చి, వరుసల ఎత్తును అక్షరం పరిమాణానికి 1.7 రెట్లుగా పెట్టిన తరువాత వత్తులన్నీ నిండుగా కనిపించాయి.

అసలు పని లిపుల దగ్గర మొదలయింది. మాస్టారు తెలుగులో ‘వెంకటరావు’ అని కొడతారు. ఆయన మనవరాలు ఒడియా బడిలో చదువుకుంది, తెలుగు చక్కగా మాట్లాడుతుంది గానీ చదవదు. అదే పేరును ఇంగ్లీషు అక్షరాలలో కొడుతుంది. వెతుకుతున్న రసీదు ఒడియాలో ఉండవచ్చు. మనుషులకు ఒక్కరే అయిన వెంకటరావు, కంప్యూటర్‌కు ముగ్గురు వెంకటరావులు.

అదృష్టవశాత్తూ యూనికోడ్ (ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) ఇక్కడ కొంత సాయం చేస్తుంది. భారతీయ లిపులకు అందులో తలా 128 స్థానాలు కేటాయించి, ఒకే వరుసలో అక్షరాలను అమర్చారు. ఒడియా 2816వ స్థానం దగ్గర, తెలుగు 3072వ స్థానం దగ్గర మొదలవుతాయి; మధ్యలో ఉన్నది తమిళం. అంటే ఒడియా అక్షరానికి 256 కలిపితే తెలుగు అక్షరం వస్తుంది. ఒడియా కకారం 2837, తెలుగు కకారం 3093. ఒడియా రసీదులోని వెంకటరావుగారి పేరుకు ఈ లెక్క వర్తింపజేస్తే ‘భేఙ్కట రాఓ’ అని వచ్చింది. తెర మీద దానిని చూసి మాస్టారు ‘ఎవరయ్యా ఈయన, బెంగాల్ నుంచి వచ్చాడా?’ అన్నారు.

కానీ ఆ పేరులోనే ఈ ఊరి రాత అలవాట్లన్నీ ఉన్నాయి. మన పేర్లలోని వకారాన్ని ఒడియాలో తరచు భకారంతోనో బకారంతోనో రాస్తారు. ఒడియాలో హ్రస్వ ఎకారం, హ్రస్వ ఒకారం లేవు గనుక ‘వె’ కాస్తా దీర్ఘమవుతుంది. మనం సున్న పెట్టే చోట వారు ఙకారపు జంటాక్షరం రాస్తారు. చివరి ‘వు’ స్థానంలో అచ్చు ‘ఓ’ వచ్చి కూర్చుంటుంది. యకారానికి ఒడియాలో రెండు రూపాలున్నాయి. రెండవ రూపానికి 256 కలిపితే తెలుగులో ఖాళీ చోటు తగులుతుంది, కాబట్టి దానిని విడిగా చూడాలి. డకారం కింద చుక్క ఉన్న అక్షరాన్ని కూడా విడిగానే చూడాలి. ఇంగ్లీషు రాతలోనూ ప్రాంతభేదం ఉంది: ఋకారాన్ని ఒడియావారు ‘రు’గా పలుకుతారు గనుక మనం ‘క్రిష్ణ’ అని రాసే చోట వారి ఇంగ్లీషు స్పెల్లింగు ‘క్రుష్ణ’ అని పలుకుతుంది, లక్ష్మి పేరులో మనం కే, ఎస్, హెచ్ అక్షరాలు రాస్తే వారు ఒక్క ఎక్స్‌తో సరిపెడతారు.

ఇన్ని భేదాలకు ఒక్కొక్క దానికీ ప్రత్యామ్నాయం రాస్తూ పోతే అంతు ఉండదు. అందుకని ప్రతి పేరుకూ ఒక ‘అస్థిపంజరం’ తయారుచేసే పద్ధతి ఎంచుకున్నాను. మొదట ఏ లిపిలో ఉన్నా తెలుగులోకి మార్చాలి. చివరి ‘వు’ను తీసివేయాలి. తరువాత అచ్చులన్నింటినీ వదిలివేయాలి. ఋకారాన్ని మాత్రం అచ్చుగా చూడక రకారంగా లెక్కించాలి, లేకపోతే కృష్ణ దొరకడు. ఒత్తక్షరాలను (ఖ, ఘ, భ వంటివాటిని) ఒత్తు లేని వాటితో, ట-త, డ-ద, శ-ష-స, వ-బ జంటలను ఒకదానితో ఒకటి కలిపివేయాలి. సున్ననూ అనునాసికాలనూ, మకారం తప్ప, నకారంగా చూడాలి. ద్విత్వాన్ని ఒక్క అక్షరం చేయాలి. ఇప్పుడు వెంకటరావు ఏ లిపిలో వచ్చినా ‘బనకతర’ అవుతాడు. ఈ అస్థిపంజరాన్ని పత్రం నకలులోకి వచ్చేటప్పుడే లెక్కించి పక్క గడిలో రాసిపెడితే, వెతికేటప్పుడు పోల్చి చూడడం క్షణాల పని.

ఇంత కలిపివేస్తే అక్కరలేనివి కూడా దొరుకుతాయి. ‘రాజు’ అని కొడితే ‘రోజా’ కూడా వస్తుంది, రెండింటిలోనూ మిగిలినవి ర, జ మాత్రమే గదా. అందువల్ల మూడు హల్లులకు తక్కువైన పేర్లకు ఈ పద్ధతిని ఆపివేశాను. పైగా, కొట్టినది కొట్టినట్లు దొరికిన ఫలితాలను ముందు చూపి, అస్థిపంజరంతో దొరికినవాటిని ‘ఇవి కూడా కావచ్చు’ అన్న శీర్షిక కింద వేరుగా చూపుతున్నాను. ఆ రెండవ జాబితాను మాస్టారు మొదట అనుమానంగా చూశారు గానీ, ఇప్పుడు ముందుగా చదివేది దానినే.

పేర్లు కాక, పత్రం లోపలి పాఠంలో వెతకడానికి ఇంకొక చిక్కు ఉంది. పైథాన్‌లో మాటలను విడగొట్టడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లలోని (అక్షరాల నమూనాలను వెతికే సూత్రాలలోని) ‘డబ్ల్యూ’ గుర్తును వాడడం ఆనవాయితీ. ఆ గుర్తు దృష్టిలో మన గుణింతాలు, పొల్లు, సున్న అక్షరాలు కావు. ‘కామేశ్వరి’ అన్న పేరును దానికి అప్పగిస్తే క, మ, శ, వర అని నాలుగు ముక్కలు చేతికి వస్తాయి. ఇంత చిన్న ముక్కలను పనికిరానివిగా పారవేసే సూచికలైతే, ఆ పేరు దాదాపుగా లేనట్టే. జావాస్క్రిప్టులో అదే గుర్తు మామూలుగా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కింది గీత తప్ప దేనినీ ఒప్పుకోదు. అందుకే మా నకలులో పాఠాన్ని మాటలుగా విడగొట్టకుండా, కొట్టిన అక్షరాల వరుస ఎక్కడైనా ఉందా అని నేరుగా వెతుకుతున్నాను. కోట్ల పత్రాలుంటే ఇది నెమ్మదిస్తుంది. ఒక ఊరి సంఘానికి ఏ ఇబ్బందీ లేదు. తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న గొడవ లేకపోవడం కూడా ఇక్కడ కలిసివచ్చింది.

పోల్చే ముందు రెండు వైపులా పాఠాన్ని శుభ్రం చేయడం మరువకూడదు. ‘శ్రీనివాస్‌రావు’ అని రాసేటప్పుడు సకారపు పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక గుర్తు, 8204వ స్థానంలోనిది, ఉంటుంది. అది లేకపోతే రకారం వత్తుగా మారి ‘శ్రీనివాస్రావు’ అవుతుంది. ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. ‘మైథిలి’లోని ఐత్వం కొన్ని చోట్ల 3144 అనే ఒక్క గుర్తుగా, మరికొన్ని చోట్ల 3142, 3158 అనే రెండు గుర్తులుగా ఉంటుంది, తెర మీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఇటువంటి జంటలను ఒక్క గుర్తుగా కలిపే, యూనికోడ్ నిర్దేశించిన ఎన్‌ఎఫ్‌సీ రూపానికి మార్చి, కనిపించని గుర్తును తీసివేస్తే ఈ రెండు తగాదాలూ తీరిపోతాయి.

మిగిలినవి మామూలు పనులు. ప్రతి అక్షరానికీ సర్వరును పిలవకుండా, చేయి ఆగిన తరువాత కొంచెం వ్యవధి ఇచ్చి పిలవాలి. తెలుగు కీబోర్డులో ఒక అక్షరానికే మూడు నాలుగు మార్లు పాఠం మారుతుంది గనుక ఈ వ్యవధి ఇంగ్లీషు కంటే ఎక్కువ ఉండడం మంచిది. కొత్త ప్రశ్న బయలుదేరినప్పుడు పాతదానిని రద్దు చేయాలి, లేకపోతే ఆలస్యంగా వచ్చిన పాత జవాబు కొత్తదానిని కప్పివేస్తుంది. పేపర్‌లెస్ ఏపీఐని పిలిచేటప్పుడు ఏ సంచిక కావాలో ప్రతిసారీ పేర్కొంటున్నాను, రేపు సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు జవాబు ఆకారం హఠాత్తుగా మారిపోకుండా.

ఇంటిపేర్ల సమస్య ఇంకా మిగిలి ఉంది. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పొడి అక్షరంగా వస్తుంది. ఒడియా, ఇంగ్లీషు కాగితాలలో అది ఒక్కొక్కసారి చివరికి పోతుంది, ఒక్కొక్కసారి పూర్తిగా మాయమై ‘రావు’ మాత్రమే ఇంటిపేరుగా చలామణి అవుతుంది. ప్రస్తుతానికి పొడి అక్షరాలను పక్కన పెట్టి పోలుస్తున్నాను, కాబట్టి ఒకే పేరున్న నలుగురు కనిపిస్తారు. సంవత్సరం చూసి మనిషిని గుర్తుపట్టడం చదివేవారి పని.

లిపి మార్పిడి సూత్రాలను కోడ్‌లో కలిపివేయకుండా, ఎడమ వైపు ఒక రూపం, కుడి వైపు ఒక రూపం ఉన్న మామూలు పట్టికగా విడి ఫైల్‌లో ఉంచాను. మాస్టారు దానిని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి తానే వరుసలు చేర్చుతున్నారు. రాయగడ వైపు తెలుగువారు కొందరు తమ సంఘానికి ఇదే విడ్జెట్ కావాలన్నారు. అక్కడి రసీదులలో తెలుగు పేర్ల పక్కన ఒడియా లిపిలో రాసిన కువి (అక్కడి గిరిజన భాష) పేర్లు కూడా ఉంటాయి గనుక, పట్టికలో ఏ వరుసలు మార్చాలో చూడడానికి కొన్ని కాగితాల స్కాన్‌లు పంపమని అడిగాను.